దెమరారా – ఫిజీ: మదరాసు రేవు దాటిన తెలుగు

భిన్నదేశముల రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి పోల్చి వ్రాయుట యిటీవల మన వ్యాసకర్తలలో నొక వాడుకయైనది. పోల్చుట దోషము కాదు. ఉపమకు సాధారణధర్మ మొకటి యుండవలెనని ఆలంకారికులు విధించిరి. ఆ ధర్మమేదో తేల్చకయే ‘గయానా యెట్లో ఫిజీయు నట్లే’ యని వ్రాసి విడుచువారి మాట మాత్రము ఉపమయు కాజాలదు, చరిత్రయు కాజాలదు. ప్రవాసాంధ్రులను గూర్చిన ప్రసంగములందు ఈ రెండు దేశముల పేళ్లు జంటగా వినబడుచుండును. అచ్చటికిని మనవారు చెఱకుతోటలకు పోయిరి, ఇచ్చటికిని పోయిరి. అచ్చటను తెలుగు నశించినది, ఇచ్చటను నశించుచున్నది – అని రెండు వాక్యములలో ముగించుట పరిపాటి. ఈ మాటలలో సగము నిజము కలదు. తక్కిన సగమును విచారించుటకే యీ వ్యాసము.

ముందుగా దేశస్థితి. గయానా దక్షిణ అమెరికా ఖండమునకు ఉత్తరతీరమున నున్నది. బ్రిటిషు గయానా యను పేర ఆంగ్లేయుల యేలుబడిలో నుండి 1966 మే 26న స్వతంత్రమైనది. అందలి నదులలో నొకటియగు దెమరారా పేరే మన కూలీల నోట దేశమున కంతకును పేరై ‘డమ్రా’ యైనది. వైశాల్యము 2,14,969 చదరపు కిలోమీటరులు. ఐనను జనులలో నధికభాగము సముద్రతీరపు సన్నని పట్టీయందే కాపురము. ఆ పట్టీ పోటునీటి మట్టమునకన్న పల్లము. డచ్చివారి నాటినుండి కట్టలును తూములును నిలుపుకొనుచు సాగు చేయవలసిన నేల. ఫిజీ యన్ననో దక్షిణ పసిఫిక్కున మూడువందలకు పైబడిన దీవుల సమూహము. దీవులన్నిటి నేల కూడినను సుమారు 18,300 చదరపు కిలోమీటరులు, అనగా గయానాలో పండ్రెండవ వంతు. 1874లో ఆంగ్లేయుల వశమై 1970 అక్టోబరు 10న స్వతంత్రమైనది. ఒకటి మహాఖండపు టంచు, ఒకటి మహాసముద్రపు నడిమి చుక్క. నేలను చూచి పోల్చువానికి ఇందు పోలిక యేమియు దొరకదు.

సాధారణధర్మము చెఱకు. గయానాలో బానిసత్వము 1834లో రద్దై, దాని తోకవంటి నిర్బంధ శిక్షణకాలము 1838లో ముగిసినది. విముక్తులైన ఆఫ్రికావారు తోటల విడిచి పోవుదురను భయముతో దొరలు ఆ యేడే మే 5న విట్బీ, హెస్పరస్ అను రెండు ఓడలలో కలకత్తానుండి కూలీలను దింపిరి. ఫిజీలో ఆర్థర్ గార్డన్ అను గవర్నరు ఆ దీవుల మూలజనులను తోటపనికి తార్పనీయక, దానికి బదులుగా హిందూదేశపు కూలీలను రప్పించెను. ఆయన అంతకుముందు ట్రినిడాడునందును మారిషసునందును గవర్నరుగా నుండి ఈ పద్ధతి నెఱిగినవాడు. 1879 మే 14న లియోనిడాస్ అను ఓడ లెవూకా చేరెను. ఐదేండ్ల యొడంబడిక, తోట లైనులలో కాపురము, పని తప్పిన శిక్ష – ఇవి రెండుచోట్ల నొక్కటే. ఆంగ్లపు ‘అగ్రిమెంటు’ ఫిజీవారి నోట ‘గిర్మిట్’ అయి, ఆ పదమునుండి ‘గిర్మిటియా’ పుట్టినది.

ఇంతవఱకు అందఱెఱిగినదే. మన ప్రసంగకర్తలు చూడనిది లెక్కలలోని యొక విచిత్రము. 1838 మొదలు 1917 వఱకు గయానా చేరిన హైందవులు సుమారు 2,39,000 మంది. వారిలో మదరాసు రేవున నెక్కినవారు రమారమి 15,000. ఫిజీ చేరినవారు 1879 మొదలు 1916 వఱకు 60,553 మంది. వారిలో మదరాసునుండి వచ్చినవారు 15,114. పఠితలు ఈ సంఖ్యలను నిదానముగా చూతురు గాక. మదరాసువారి మొత్తము రెండు దేశములకు నించుమించు సమానము. కాని గయానాలో వారు నూటికి ఆర్గురు, ఫిజీలో నూటికి ఇరువదియైదుగురు. రాశి యొక్కటే, పాలు వేఱు. ఉప్పు పిడికెడే, ఒకచోట చెఱువులో వేసిరి, ఒకచోట కుండలో వేసిరి.

పాలుకన్నను ముఖ్యమైన భేద మింకొకటి కలదు. అది కాలము. గయానాకు మదరాసు ఓడలు ప్రధానముగా 1845 మొదలు 1860ల తొలినాళ్ల వఱకే పోయినవి. ఫిజీకి అవి 1903లో మొదలై 1916తో ముగిసినవి. ఈ రెండు గడువుల నడుమ నలువదేండ్లు గడచినవి. ఆ నలువదేండ్లును తెలుగు వాఙ్మయమునకు సామాన్యములు కావు. మొదటి ఓడలలో పోయిన మనవాడు ఊరు విడుచునప్పటికి బ్రౌనుదొర నిఘంటువు (1852) అచ్చు కాకుండెను, లేదా అప్పుడప్పుడే యచ్చై దొరల బల్లలమీద నుండెను. వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము పుట్టుటకింకను కాలముండెను. భాష యనునది వాని నోటనే గాని కాగితముపై నుండునను తలంపే వానికి రాదు. రెండవమాఱు ఫిజీకి పోయినవాడో, కన్యాశుల్కము రంగమెక్కిన (1892) తరువాతను, అది రెండవ కూర్పుగా (1909) వెలువడిన నాళ్లలోను, బాపట్లలో ఆంధ్రమహాసభ (1913) జరిగిన నాళ్లలోను ఓడయెక్కినవాడు. వాడు కన్యాశుల్కమును చదివెనని నేననుట లేదు; వానిలో చాలమందికి చదువే రాదు. కాని వాని యూరిలో బడి యుండెను, బడిలో నొక పెద్దబాలశిక్ష యుండెను, ‘ఆంధ్రులు’ అను మాట గాలిలో నుండెను. తన పలుకొక జాతికి గుఱుతను భావము వానితో కూడ ఓడయెక్కుటకు వీలుండెను. గయానాకు పోయినవానికి ఆ వీలు లేదు.

ఇది యూహ మాత్రమే యని యెవరైన నందురేమో. అటుపై జరిగిన దానిని చూడవచ్చును. గయానాలో తమిళుడు, తెలుగువాడు, మలయాళి యందఱును ‘మద్రాసీ’ లైరి. ఆ పేరును దాటి ‘మేము వేఱు’ అని తెలుగువారు సంఘముగా నిలువలేదు. ఫిజీలోను ఉత్తరాదివారు మనవారిని ‘మద్రాసీ’ అనియే పిలిచిరి. అచ్చట 1926లో సాధు కుప్పుస్వామి మున్నగు వారు నాదియందు తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగమును స్థాపించినపుడు అందు తెలుగువారును చేరిరి. సాధు కుప్పుస్వామి స్వయముగా గిర్మిటుపై వచ్చినవాడే. సర్కారు బడులలో హిందూస్తానీయే హైందవుల భాషయని నిర్ణయించుటను ఆ సంగము నిరసించి దక్షిణభాషలకై పోరాడినది. 1937లో రామకృష్ణ మఠమునకు చెందిన అవినాశానందస్వామి వచ్చిన పిదప ఆ ప్రయత్నము బలపడినది. తుదకు 1941లో తెలుగువారు, తమభాషకు తమ సంఘమే యుండవలెనని, రాకిరాకియందు కూడి దక్షిణ ఇండియా ఆంధ్ర సంగము నేర్పఱచుకొనిరి. అప్పటికి చివరి గిర్మిట్ ఓడ వచ్చి పాతికయేండ్లు. ఓడ దిగినవారి బిడ్డలు పెద్దలై, మనుమలు బడియీడునకు వచ్చిన కాలమది. గయానాలో ఇట్టి సంఘము వెలయవలసిన యీడు 1880ల ప్రాంతము; అప్పుడు తెలుగుదేశమునందే అట్టి సంఘములు వేళ్లమీద లెక్కింపదగినవి.

పాతబస్తీలో కూర్చుండి ఈ 1941 నాటి సంగతి చదువువారికి ఇది క్రొత్తగా తోపదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు కర్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కారసభ జరుగుచుండగా ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచిరి. సభలోని యితరులు గేలిచేసిరి. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఫిజీలోని తెలుగువారును హైదరాబాదులోని తెలుగువారును ఒకరి నొకరెఱుగరు. ఐనను పరభాష రాజ్యమేలుచోట, చేరువనున్న మఱియొక భాష తమదానిని కప్పివేయుచోట, ఇరువురును ఇరువదియేండ్ల యెడముతో నొక్కపనియే చేసిరి. ఉపమకు సాధారణధర్మము కావలెనన్నచో గయానా–ఫిజీల నడుమకన్న ఫిజీ–హైదరాబాదుల నడుమ నది యెక్కువ స్పష్టము.

వ్యతిరేకమును వెంటనే చెప్పవలెను. మా శాలిబండలోను, గౌలిపురాలోను, లాల్‌దర్వాజా సందులలోను తెలుగిండ్ల పిల్లలు వాకిట దక్కనీయు నింట తెలుగును పలుకుదురు. బజారుమాట యింటిమాటలోనికి జొరబడుచునే యుండును. ఐనను తెలుగు పోలేదు. కారణము మా పాండిత్యము కాదు. నగరపు టెల్లదాటి నాలుగు క్రోశములు పోయిన తెలుగు పల్లెలు. అచ్చటినుండి ప్రతి తరమునను మేనమామలును, కోడండ్రును, పాలవాండ్రును తెలుగును నగరములోనికి మోసికొని వచ్చుచుండిరి. ఫిజీకి అట్టి పల్లెవెనుక లేదు. 1916 తరువాత మదరాసునుండి గిర్మిట్ ఓడ రాలేదు. సంగమెంత శ్రమించినను, క్రొత్తనీరు రాని చెఱువును కట్ట యొక్కటియే నింపలేదు.

తోటల తీరును కొంత చెప్పవలసియున్నది. ఫిజీలో చక్కెరపరిశ్రమ యంతయు కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ చేతిలో నుండెను. గిర్మిట్ పోయిన తరువాత, 1920ల నుండి, కంపెనీ తన తోటలను సుమారు పదేసి యెకరముల కమతములుగా చీల్చి హైందవులకు కౌలుకిచ్చినది. కమతము కుటుంబమును నేలకు కట్టినది. ప్రక్కకమతమున నొకరేవువాడే యున్నచో పలుకు నిలిచినది. గయానాలో గడువు తీరినవారు కొందఱు తిరిగి స్వదేశమునకు, కొందఱు వరిపొలములున్న పల్లెలకు, కొందఱు పట్టణములకు చెదరిరి. తక్కినవారు తోటల లోజీలలోనే యుండిపోయిరి. మిగిలినవారి చుట్టును ప్రతియేట కలకత్తానుండి దిగు భోజపురీ జనసముద్రము. ఆ సముద్రమైన నిలిచినదా? లేదు. భోజపురీయు తుదకు అచ్చటి క్రియోలు ఆంగ్లమునకు లోబడినది. ఇది మన ప్రసంగకర్తలు మఱచు సంగతి. గయానాలో తెలుగు ఓడినది భోజపురీచేత. ఆ భోజపురీని ఓడించినది ఆంగ్లము. ఫిజీలో తెలుగును మింగినది ఫిజీ హిందీ. అది నేటికిని సజీవము. రెండుచోట్ల తెలుగు ‘నశించిన’ దనుట పైపై చూపు. ఒకచోట తెలుగు రెండు మెట్లు దిగినది, ఒకచోట నొక్కమెట్టు.

బడుల చరిత్ర యీ భేదమును వివరించును. గయానాలో 1876లోనే నిర్బంధవిద్యా శాసనము కలదు. కాని 1904లో స్వెటెన్‌హాం గవర్నరు కాలమున వెలువడిన యుత్తరువుతో హైందవుల బిడ్డలను, ముఖ్యముగా ఆడుపిల్లలను, బడికి పంపని తల్లిదండ్రులపై చర్య తీసికొనుట మానివేసిరి. ఆ యుత్తరువు 1933 వఱకు నిలిచినది. బడి కలిగినచోట నది క్రైస్తవమిషనుల బడి, భాష యాంగ్లము. ఈ విధమున గయానా హైందవునకు బడియే లేదు, లేదా యున్న బడిలో తన భాష లేదు. ఫిజీలో సర్కారు చాలకాల ముపేక్షించినందున హైందవులే కమిటీలుగా నేర్పడి యూరూర బడులు కట్టుకొనిరి. ఉపేక్ష యొక్కొకతఱి మేలుచేయును. తాము కట్టుకొన్న బడిలో తమభాష నడుగుటకు వారికి నోరు వచ్చినది.

ఇక వాఙ్మయము. మన పరిషత్తుల కిదియే ప్రధానము. ఇచ్చటనే విమర్శకుడు మొగమోటము విడువవలసియున్నది.

రెండు దేశములందును ఒడంబడిక కాలపు కూలీ స్వయముగా మాటలాడిన గ్రంథములు రెండు ప్రసిద్ధములు. ఒకటి లాల్‌బిహారీ శర్మ ‘డమ్రా ఫాగ్ బహార్’. బీహారునందలి ఛప్రా ప్రాంతమునుండి పోయి, ఎసెకీబో తీరమున గోల్డెన్ ఫ్లీస్ అను తోటయందు పనిచేసిన యతడు హోళీపాటలుగా రచించిన యీ చిన్నపుస్తకము 1916లో అచ్చైనది. నూఱేండ్లు మఱవబడి, గయాత్రా బహదూర్ అను చరిత్రరచయిత్రి కంటబడి, 2019లో రాజీవ్ మొహాబీర్ ఆంగ్లానువాదముతో మరల వెలుగు చూచినది. రెండవది తోతారాం సనాఢ్యుడు ఫిజీలో నిరువదియొక యేండ్లు గడపి తిరిగివచ్చి చెప్పిన వృత్తాంతము; 1914లో హిందీలో వెలువడి ఒడంబడిక పద్ధతిపై దేశమునందు రేగిన యలజడికి తోడ్పడినది. ఇద్దఱును ఉత్తరాదివారు. అట్టి ప్రసిద్ధి గల గ్రంథము మదరాసు రేవునుండి పోయినవారి పక్షమున తెలుగున వెలయలేదు.

కారణమేమి? మనవారికి బాధ తక్కువయా? కాదు. పాట తక్కువయా? అదియు కాదు, నాటువేయుచు పాడని తెలుగు కూలి లేడు. తోతారాము గ్రంథమునకు బనారసీదాస చతుర్వేది యను లేఖకు డుండెను. చెప్పినవాడు తోతారాముడు, వ్రాసినవాడు చతుర్వేది. ఓడదిగి వచ్చినవాని చెంత కూర్చుండి, వాని మాటను మాటగా కాగితమున కెక్కించు విద్యావంతుడొక్కడు కలిగినందున హిందీకి ఆ గ్రంథము దక్కినది. ఆ సంవత్సరములలో మన పండితులు గ్రాంథిక వ్యావహారిక వివాదమున తలమునకలై యుండిరి. కూలీ మాటను కూలీ మాటగానే వ్రాయవచ్చునా కూడదా యను ప్రశ్నకు జవాబు తేలకమునుపే ఓడలు వచ్చుటయు పోవుటయు ముగిసినవి. గ్రాంథికమున నీ వ్యాసము వ్రాయుచున్న నాకు ఆ పాపమున పాలు లేదనను.

తరువాతి తరముల గ్రంథములలో రెంటిని మాత్రము తీసికొందును. గయానాకు 2015 మొదలు 2020 వఱకు ప్రధానమంత్రిగా నుండిన మోజెస్ నాగమూటూ 2000లో ‘హెండ్రీస్ క్యూర్’ అను పుస్తకమును వెలువరించెను. కోరెంటైన్ తీరమునందలి వ్హిమ్ అను చేపలపల్లెలోని మద్రాసీ జీవితచిత్రములని దాని యుపశీర్షికయే చెప్పుచున్నది. రచన యాంగ్లమున, అచ్చటి క్రియోలు పలుకుల కలయికతో. మన యుత్సాహవంతు లిట్టి పుస్తకమును చూడగానే ‘ప్రవాసాంధ్ర నవల’ యని చాటబోవుదురు. ఆగవలెను. నాగముత్తు అను పేరు తమిళము. మద్రాసీ యన్నంతనే తెలుగువాడు కాడు. వీరాసామి యని ‘సామి’ కనబడినంతనే మనవాడు కాడు. పేరునుబట్టి జాతిని, జాతినిబట్టి వాఙ్మయమును కలుపుకొను పరిశోధన పరిశోధన కాదు, ఆక్రమణము. ఆ పుస్తకము విలువ వేఱు. తమిళమా తెలుగా యని విడదీయరాని యొక ‘మద్రాసీతనము’ గయానాలో నెట్లు క్రొత్త జాతిగా రూపొందెనో యది చూపును. ఆ కలయికను కలయికగా చదువుటయే న్యాయము.

ఫిజీనుండి సుబ్రమణి యను రచయిత ‘డౌకా పురాణ్’ (2001) అను బృహత్తర నవలను ఫిజీ హిందీలో, నాగరిలిపిలో రచించెను. మఱల 2018లో ‘ఫిజీ మా’ యను దానిని అట్లే వ్రాసెను. విశ్వవిద్యాలయమున నాంగ్లవాఙ్మయము బోధించినవాడు, ఆంగ్లమున కథలు వ్రాసి పేరు గన్నవాడు, పెద్దపని తలపెట్టినపుడు పామరుల నోటిభాషను పట్టుకొనుట సాహసమే. రచయితది దక్షిణాది పేరు. భాష యుత్తరాది పొలముల పలుకు. ఫిజీలాల్ అనువాడు కథ చెప్పుకొనిపోవును. పురాణమను పేరు వట్టి హాస్యము కాదు. సర్గ, ప్రతిసర్గ, వంశ, మన్వంతర, వంశానుచరితములని పంచలక్షణములు చెప్పుదుము గదా. రాజవంశముల స్థానమున కౌలుదారుల వంశములను, మన్వంతరముల స్థానమున కంపెనీ కాలమును స్వరాజ్యకాలమును నిలిపి చూచినచో ఆ పేరిలోని యౌచిత్యము తెలియును. సూతుడు చెప్పగా శౌనకాదులు వినినట్లు, చెప్పువాడును వినువాడును లేనిదే యిట్టి కథ నడువదు. ఇంతటి కథకుడు దొరకిన ఫిజీ హిందీ యదృష్టమునకు నేను కొంత యసూయపడితిని. అసూయకు వెనుక నొక ప్రశ్న కలదు. 1941లో సంగము పెట్టుకొని, బడులు నడిపి, పిల్లలకు అక్షరములు దిద్దించిన ఫిజీ తెలుగునకు అట్టి గ్రంథమేల దక్కలేదు?

నా తలంపు చెప్పుదును. సంగము తెలుగును కాపాడదలచి దానిని గౌరవస్థానమున నిలిపినది: బడిపుస్తకమున, భజనమున, పెండ్లిపందిట. తగవులాడుటకును, బేరమాడుటకును, బూతులాడుటకును, చెఱకునరకు ముఠాలో కబుర్లు చెప్పుకొనుటకును ఫిజీ హిందీ మిగిలెను. జెఫ్ సీగెల్ 1987 నాటి తన గ్రంథమున దక్షిణాదివారు తోటలలో దిగినంతనే అచ్చట నప్పటికే స్థిరపడిన హిందూస్తానీని నేర్వవలసివచ్చిన తీరును వివరించెను. లోకవ్యవహారమంతయు నొకభాషలోను, పూజాగౌరవ మొకభాషలోను నుండగా నవల యే భాషలో పుట్టును? వ్యవహారపు భాషలోనే. దేవళములో నుంచిన భాషకు నైవేద్యము దొరకును గాని కథ దొరకదు. ఆంధ్ర సంగము చేసిన మేలును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. ఆ సంగము లేనిచో ఫిజీలో తెలుగు పేరే నొకతరము ముందుగా చెరిగిపోయెడిది. కాని భాష నిలుచుట వేఱు, భాషలో వాఙ్మయము పుట్టుట వేఱు. మొదటిదానికి బడి చాలును.

దీనికి విపరీతమైన దృష్టాంతము గయానాలో కలదు. బెర్బీసు ప్రాంతమున మద్రాసీల కాళీమాయి పూజ నేటికిని సాగుచున్నది. వేపమండలు, పసుపునీరు, పూనకము, తప్పు వాద్యము – ఇవి వారి పూజాంగములు. ‘తప్పు’ అను పేరు తమిళమే. మన తప్పెటకు తోబుట్టువు. ఆషాఢమున లాల్‌దర్వాజా సింహవాహినీ మహాకాళి బోనాలను చూచినవారికి ఆ వర్ణన విన్నప్పుడు మనస్సు కదలకుండదు. అంతమాత్రమున నది బోనాల సంతతి యని వ్రాయరాదు. మారియమ్మ యారాధన తమిళదేశమున నెంత ప్రబలమో యెల్లరెఱుగుదురు. నేను గమనింపుమనునది వేఱొకటి. భాషపోయిన నూఱేండ్లకును కొలుపు నిలిచినది. ఏలనన కొలుపునకు బడి యక్కఱలేదు. ఒకని చేతినుండి యొకనిచేతికి తప్పెట యందించిన చాలును. ఫిజీలో సువా నగరపు హోవెల్ రోడ్డు మారియమ్మ గుడియందు నిప్పులు త్రొక్కు నుత్సవమును ఇట్లే నిలిచినది.

ఇచ్చట నొక యాక్షేపమునకు జవాబు చెప్పవలెను. నైజాము తెలంగాణమున కవులే లేరన్న యాక్షేపమునకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 గురు కవులను ముందుంచి జవాబు చెప్పిరి. వెదకనిదే లేదనరాదని ఆ సంచిక నేర్పినది. కావున గయానాలోను ఫిజీలోను తెలుగు వాఙ్మయము లేదనుట తొందరపాటు కాదా యని కొంద ఱడుగుదురు. ప్రతాపరెడ్డిగారు వెదకినచోట తాటాకులుండెను, తాటాకులను దాచిన కరణములును పండితులును ఉండిరి, ఊరూర ఉత్తరము వ్రాసిన చదివి బదులు పలుకువారుండిరి. అచ్చటి లోపము వెదకనివారిది. తోటలైనులలో తాటాకు లేదు. అచ్చట వెదకవలసినది కవులను కాదు. గోలకొండ సంచికను ప్రమాణముగా చూపి లేనికవులను కల్పించువారు ఆ సంచికకే యపకారము చేయుదురు.

వెదకవలసినది కాగితములను. ఒడంబడిక కూలీ యొక్కొక్కనికి నొక వలసపత్రము వ్రాయబడెను: పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, దేహముపై గుఱుతులు. ఫిజీకి సంబంధించిన పత్రములు సువాలోని జాతీయ దస్త్రశాలయందు భద్రముగా నున్నవి. బ్రిజ్ లాల్ పండితుడు కలకత్తానుండి పోయిన 45,439 మంది పత్రములను శోధించి 1983లో ‘గిర్మిటియాస్’ అను గ్రంథము రచించెను. ఆయన తాత ఉత్తరాది గిర్మిటియా, ఆయన యెఱిగినవి యుత్తరాది జిల్లాలు. మదరాసు పత్రముల నంత నిశితముగా చదువుటకు కావలసినవాడు మన జిల్లాల యెల్లల నెఱిగినవాడు. ఎల్లలు ఓడల నాటినుండి మాఱినవి. 1904లో గుంటూరు జిల్లా యేర్పడువఱకు అచ్చటి పల్లెలలో పెక్కు కృష్ణాజిల్లావి. 1903లో ఓడయెక్కినవాని పత్రమున ‘కిస్ట్నా’ యని యున్నచో వాడు బాపట్లవాడైన కావచ్చును. అంతకన్న ముఖ్యము ఉత్తర ఆర్కాటు. ఫిజీకి హెచ్చుగా జనుల నంపిన జిల్లాలలో నది యొకటి; దానిని చూచినంతనే తమిళుల లెక్కలో వేయుట వాడుక. చిత్తూరు జిల్లా 1911లో గాని పుట్టలేదు. అంతవఱకు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటులోనివి. ఆ తాలూకాల పేళ్లున్న పత్రములను వేఱుచేసి, దొరల గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసిన ఊరిపేళ్లను తెలుగు ఊళ్లుగా చదివినపుడు, 15,114లో మనవారెందఱో తేలును.